కిలో ఉప్పు ఎన్నాళ్లు రావాలి?

ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులకు తక్కువ కాకుండా రావాలి. ఒక్కొక్కరు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చదునుగా కొలిచిన ఒక టీస్పూను లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురికీ కలిపి 20 గ్రాములు. నెల తిరక్కుండానే ప్యాకెట్ అయిపోతోందంటే హద్దు దాటినట్టే. పైగా వేసవిలో ఆవకాయకని విడిగా కొన్న ఉప్పు, అప్పడాల్లోది, ఊరమిరపకాయల్లోది, ఉప్పుచేపలోది ఈ లెక్కకు రానే లేదు.

శ్రీకాకుళం జిల్లాలో మనల్ని ముంచేది ఈ లెక్కలేని ఉప్పేనని నా అభిప్రాయం. పప్పుచారులో చిటికెడు తగ్గించి పక్కన ఉప్పుచేప వేయించుకుంటే ఒరిగేదేమీ లేదు. అలాగని ఉప్పుచేప మానేయమంటే వినేదెవరు? ముక్కలను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కాసేపటికి నీళ్లు మసకబారతాయి. అవి పారబోసి మళ్లీ కొత్త నీళ్లు పోయాలి. కొంత ఉప్పు అలా వదిలిపోతుంది. ముక్కలు పులుసులో ఉడికాక రుచి చూసి, అప్పటికీ చాలకపోతేనే ఉప్పు వేయాలి. చింతపండు, నిమ్మ పులుపు తోడైతే తక్కువ ఉప్పూ నాలుకకు ఎక్కువగానే తెలుస్తుంది. చప్పదనం కూడా కొన్ని వారాలే. ఆ తర్వాత పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది.

ఉప్పు బరువులో దాదాపు 40 శాతం సోడియం. అది ఒంట్లో ఎక్కువైతే నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, రక్తనాళాల గోడలపై ఒత్తిడి పెరుగుతుంది. నౌపడ మడుల్లోని కళ్లుప్పైనా, ఖరీదైన సైంధవ లవణమైనా ప్రధానంగా సోడియం క్లోరైడే. అయోడిన్ కలపని ఉప్పుకు మారితే ఆ లోటు అదనం.

ఇక 'తక్కువ సోడియం' ఉప్పు సంగతి. ఇందులో కొంత సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనా పల్లెల్లో సుమారు 21,000 మందిపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పావు వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. చాలామందికి ఇది మంచి ఉప్పే.

కానీ మన జిల్లాలోని ఉద్దానంలో ఆ మాట ఆచితూచి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎందరినో పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి అసలు కారణం ఇంకా తేలలేదు. మొదటి దశల్లో ఈ జబ్బు బయటపడకపోవచ్చు. మామూలుగా ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు బయటకు పంపుతాయి. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. కొబ్బరితోటల సీమలోనే పొటాషియం పెరిగిన రోగులను డాక్టర్లు కొబ్బరినీళ్లు తాగవద్దంటారు. కారణం ఇదే. అందుకే పేరుకుపోయే పొటాషియాన్ని దృష్టిలో పెట్టుకుని, 2025 జనవరిలో ఈ తరహా ఉప్పును సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కిడ్నీ సమస్య ఉన్నవారిని మినహాయించింది.

ఉద్దానం వారు అలాంటి ప్యాకెట్ కొనే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలు చేయించుకుని డాక్టరును అడగాలి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి కాబట్టి, రోజూ వేసుకునే మాత్రలను వెంట తీసుకెళ్లి చూపించాలి.