గట్టిగా ఊదకు నాన్నా! చిన్నపిల్లల వేణువు పాఠాలపై అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మా తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. భాష ఏదైనా, వాళ్లను దింపడానికి వచ్చే పెద్దల సందేహాలు మాత్రం ఒకటే. ఏడెనిమిదేళ్ల పిల్లల చేతికి నేను మొదట ఇచ్చేది రికార్డర్. నిలువుగా పట్టుకుని ఊదే ప్లాస్టిక్ వేణువు అది. ముందువైపు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. పేరు విని, మాటలు రికార్డు చేసే యంత్రం అనుకునేవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఊదే వాద్యానికి బలమైన ఊపిరి కావాలి, బక్కపిల్లలకు పనికిరాదు.

నిజం దీనికి పూర్తిగా తలకిందులు. గాలి రికార్డర్ మూతిలోని సన్నని దారిలో వెళ్లి, పైన కనిపించే తెరుపు అంచుకు తగిలినప్పుడు స్వరం పుడుతుంది. బలం పెంచితే శ్రుతి పైకి జారుతుంది, ఇంకా పెంచితే కీచుమని పై స్థాయిలోకి ఎగురుతుంది. కింది స్వరాలకైతే మరీ తక్కువ ఊపిరి చాలు. అందుకే బక్కపిల్లలతో నాకు ఇబ్బంది లేదు. ఉత్సాహం ఆపుకోలేక బుగ్గలు పూరించే వాళ్లతోనే తంటా. వాద్యం పట్టుకునే ముందు అరచేతిని నోటి ముందు పెట్టుకుని 'తు' అని గుసగుసగా అనమంటాను. చేతికి తగిలిన ఆ కాస్త వెచ్చదనమే కొలత. ప్రతి స్వరమూ ఆ 'తు'తోనే మొదలవ్వాలి.

అయినా కీచుమంటే ఊపిరిని వదిలేసి వేళ్లు చూడండి. ఊదడం ఆపగానే వేలి కొస మీద రంధ్రం అచ్చు పడి ఉంటుంది. అచ్చు పూర్తి గుండ్రంగా ఉంటే సరే. నెలవంకలా ఉంటే ఆ వేలి పక్కనుంచి గాలి పోతున్నట్టు. ఎక్కువగా దొరికిపోయేది ఎడమ చేతి ఉంగరపు వేలు. ఈ పరీక్ష ఒకసారి చూపిస్తే తర్వాత పిల్లలే ఒకరి వేళ్లు ఒకరు చూసి తీర్పులు చెబుతుంటారు.

అపోహ: ముందు పళ్లు ఊడాయి కదా మాస్టారూ, వచ్చాక చేర్పిస్తాం.

అక్కర్లేదు. రికార్డర్‌ను పట్టుకునేది పెదవులు, పళ్లు కాదు. పళ్లున్న పిల్లలు దాన్ని కొరుకుతారు, అదీ అసలు సమస్య.

అపోహ: ఇది ఆటవస్తువు, నేర్చుకుంటే వెదురు వేణువే నేర్చుకోవాలి.

బాఖ్, వివాల్డి, టెలిమాన్ లాంటి ఐరోపా స్వరకర్తలు రికార్డర్ కోసం సంగీతం రాశారు, దాన్ని ఆటవస్తువు అనడం అన్యాయం. వెదురు వేణువు గొప్పదే, గమకాల్లో రికార్డర్ దాని దరిదాపుల్లోకి రాదు. కానీ అడ్డంగా పట్టే వేణువులో పెదవుల అమరిక కుదిరే దాకా గాలి తప్ప ఏమీ వినపడదు. అంత ఓపిక ఏడేళ్ల పిల్లలకు ఎందుకుండాలి? రికార్డర్‌లో స్వరం మొదటి రోజే పలుకుతుంది కాబట్టి చెవికి వెంటనే పని దొరుకుతుంది. వేళ్లు సాగాక వెదురుకు మారవచ్చు.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, జరుగుతుంది. అలాంటి యాత్రల్లో కొన్న పిల్లనగ్రోవిని మాత్రం పాఠానికి తేవద్దంటాను. కంటి అంచనాతో రంధ్రాలు పెట్టిన దానిలో పంచమం పంచమంలా పలకదు, పిల్లలు ఆ తప్పునే బట్టీ పడతారు.

రికార్డర్ కొనేటప్పుడు ముందువైపు పైనుంచి నాలుగు, అయిదో రంధ్రాలు పోల్చి చూడండి. రంధ్రాలు మూసే పద్ధతులు రెండు: నాలుగోది చిన్నదైతే బరోక్ పద్ధతి, అయిదోది చిన్నదైతే జర్మన్ పద్ధతి. జర్మన్ రకంలో ఒక్క స్వరం తేలికవుతుంది, దానికి బదులు తర్వాత కొన్ని స్వరాలు మొరాయిస్తాయి. నేను బరోక్ కొనమనే చెబుతాను.

అపోహ: కర్ణాటక సంగీతమైతే మాయామాళవగౌళతోనే మొదలుపెట్టాలి.

గాత్రానికి ఆ క్రమం చక్కగా కుదిరింది, దాన్ని నేను కాదనను. రికార్డర్ మీద మాత్రం ఆ రాగంలోని శుద్ధ రిషభం పలకాలంటే మధ్యలో ఒక రంధ్రం తెరిచి దాని కింది వాటిని మూయాలి. చిన్న చేతులకు అది శిక్ష. అయిదు శ్రుతిని, అంటే పాశ్చాత్యుల జి స్వరాన్ని, షడ్జంగా తీసుకోండి. ఎడమ చేతి బొటనవేలు, మూడు వేళ్లు మూస్తే స. ఉంగరపు వేలు ఎత్తితే రి. మధ్య వేలు కూడా ఎత్తితే గ. కుడి చేతితో పనే లేదు. ఆ పైనున్న పంచమం చేరిస్తే మోహన రాగానికి నాలుగు స్వరాలు వచ్చేసినట్టే. ఒడిస్సీ, హిందుస్తానీ వినే ఇంటి పిల్లలు దాన్నే భూపాలీ అంటారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అవే స్వరాలు వాయిస్తారు. రెండు సంప్రదాయాలు కలిస్తే పిల్లలు తికమక పడతారన్న భయం పెద్దలదే.

ఎడమ చేయి పైన ఉండాలనడం కొందరు తాతయ్యలకు నచ్చదు. ఎడమచేతి వాటం పిల్లలకైనా పట్టు ఇదే, వాద్యాన్ని అలాగే చేశారు.

అపోహ: అయిదేళ్లకే మొదలుపెట్టకపోతే ఆలస్యమైనట్టే.

వేణు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం ఏడేళ్లకే కచేరీ చేశారు, నిజమే. హరిప్రసాద్ చౌరాసియా మాత్రం పహిల్వాన్ల ఇంట పుట్టి, పదిహేనేళ్ల ప్రాయంలో గాత్రంతో సంగీతం మొదలుపెట్టి, ఆ తర్వాత వేణువుకు మారారు. 1957లో మన కటక్ ఆకాశవాణిలోనే కళాకారుడిగా చేరారు.

అపోహ: సందె వేళ ఊదితే పాములొస్తాయి.

బామ్మల మాట ఇది, వాళ్లతో వాదించను. పాముకు బయటి చెవులుండవు. నేల అదురు, తక్కువ స్థాయి ధ్వనులు మాత్రమే దానికి బాగా తెలుస్తాయి. పిల్లల రికార్డర్ పలికేది దానికి పైనున్న స్వరాలు. పాములవాడి బూర ముందు పడగ ఊగేది బూర కదలికను చూసి.

అపోహ: వాద్యంలోంచి కారేదంతా ఉమ్మి.

చాలావరకు అది ఊపిరిలోని ఆవిరి చల్లబడి నీరైనది. స్వరం బొంగురుపోతే పై తెరుపును వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదాలి. గట్టిగా ఊదడానికి అనుమతి ఉన్న సందర్భం ఇదొక్కటే, పిల్లలు దీనికోసం ఎదురుచూస్తుంటారు. ఇంటికెళ్లాక విడదీసి, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి. అన్నదమ్ములైనా సరే, ఎవరిది వాళ్లకే ఉండాలి.