లింకులు లెక్కపెట్టి ర్యాంకులు ఇవ్వడం ఎలా మొదలైంది?

మాడ్రిడ్‌లోని సైబర్‌మెట్రిక్స్ ల్యాబ్ 2004 నుంచి ఏటా జనవరి, జులై నెలల్లో ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ‘వెబోమెట్రిక్స్’ ర్యాంకులు ఇస్తూ వచ్చింది. మన ఉస్మానియా, ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలూ అందులో ఉన్నాయి. ర్యాంకు బాగుంటే చదువు బాగున్నట్టే అని పిల్లలూ తల్లిదండ్రులూ అనుకోవడం సహజం. కానీ ఇందులో సగం మార్కులు పాఠాలకు కాదు, ఆ విశ్వవిద్యాలయం సైటుకు బయటి సైట్లు ఇచ్చిన లింకులకు.

ఈ ఆలోచన వెబ్ కంటే పాతది. ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతివాళ్లు ఎక్కడెక్కడ ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చారు. వెబ్ వచ్చాక, లింకు కూడా ఉదహరింపు లాంటిదే కదా అనుకున్నారు. డెన్మార్క్ పరిశోధకుడు పీటర్ ఇంగ్వెర్‌సెన్ 1998లో ఒక సూత్రం చెప్పారు. సైటుకు లింకు ఇచ్చిన పేజీలెన్నో చూసి, ఆ సంఖ్యను సైటులోని సొంత పేజీల సంఖ్యతో భాగించాలి. లెక్కకు ఆధారం ఆల్టావిస్టా సెర్చ్ ఇంజిన్. దాని అంకెలేమో నిలకడగా ఉండేవి కావు. పైగా ఉన్న సమాచారాన్నే మరిన్ని పేజీలుగా విడగొడితే స్కోరు పడిపోయేది.

బ్రిటన్‌లో వుల్వర్‌హాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ థెల్‌వాల్ సొంత ప్రోగ్రాముతో సైట్లను జల్లెడ పట్టారు. పేజీల సంఖ్యకు బదులు అధ్యాపకుల సంఖ్యతో భాగించి చూస్తే, ప్రభుత్వం ఇచ్చే పరిశోధన రేటింగులకూ లింకులకూ పొంతన కుదిరింది. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు ఒకదానికొకటి ఎక్కువ లింకులు ఇచ్చుకుంటాయనీ తేలింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 2003లో వచ్చిన పరిశీలన. బ్రిటన్ విశ్వవిద్యాలయాల మధ్య 414 లింకులను ఏరి, ఒక్కోటీ ఎందుకు పెట్టారో చూశారు. 90 శాతానికి పైగా చదువుకో పరిశోధనకో సంబంధించినవే. పరిశోధన పత్రికల్లో ఉదహరింపుతో సరితూగేవి మాత్రం ఒక్క శాతం కూడా లేవు. అంటే, గార్‌ఫీల్డ్ లెక్కతో పోలిక పైపైదే. పెద్ద రేటింగు ఉన్న పండితుల పేజీలకు విడివిడిగా లింకులేమీ ఎక్కువ రావనీ, వాళ్లు వెబ్‌లో ఎక్కువ పెడతారు కాబట్టే మొత్తం పెరుగుతుందనీ మరో అధ్యయనంలో థెల్‌వాల్ బృందం చూపింది. ర్యాంకు చూసేవాళ్లకు ముందు చెప్పాల్సిన మాట ఇదే.

ఒక సైటుకు ఏయే పేజీలు లింకు ఇచ్చాయో చూపే సైట్ ఎక్స్‌ప్లోరర్‌ను యాహూ 2011లో మూసేసింది. లింకుల లెక్కకు పరిశోధకులు నమ్ముకున్న పెద్ద ఆధారం అలా పోయింది. లింకు ఉన్నా లేకపోయినా, సైటు చిరునామానో సంస్థ పేరునో ప్రస్తావించిన పేజీలను లెక్కపెట్టే పద్ధతుల వైపు వాళ్లు మళ్లాల్సి వచ్చింది.