ఓర్కాలన్నీ ఒక్కటి కాదు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పోయిన వారం ఓర్కాలను, అంటే కిల్లర్ వేల్స్‌ను, చూసొచ్చి పడవ దిగుతూ ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారండీ. ప్రపంచంలో 50 వేల ఓర్కాలు ఉన్నాయట. ఇక్కడి 73 పోతే కొంపేం మునుగుతుంది? పైగా ఈ రోజు మనమే ఎన్ని చూశాం!" అన్నారు.

ఆయన మనసు చెడ్డదేం కాదు. నాలుగు గంటలు చలిగాలిలో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. మొదటి రెక్క నీళ్ళలోంచి లేచినప్పుడు చిన్నపిల్లాడిలా అరిచారు. కానీ ఆయన అడిగిన మాట నేను ప్రతి సీజన్‌లో ఏ పాతిక సార్లో వింటాను. నా పని ఓర్కాల ఫోటోలు చూసి ఏది ఎవరో తేల్చడం. వాంకూవర్ దీవికీ వాషింగ్టన్ రాష్ట్రానికీ మధ్య ఉన్న సేలిష్ సముద్రం మా పనిచోటు. ఆయనకు రేవు మీద నిలబడి రెండు ముక్కలు చెప్పాను, సరిపోలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఓర్కా ఎక్కడైనా ఓర్కానే. ఒకచోట తగ్గితే ఇంకోచోటివి వచ్చి ఆ లోటు పూడుస్తాయి.

50 వేలన్న అంకె తప్పు కాదు. నిజానికి అది కనీస అంచనా. అన్నింటినీ ఒకే రాశిగా పోసి లెక్కపెట్టడమే తప్పు.

1970 మార్చిలో, వాంకూవర్ దీవి దక్షిణ కొసన పెడర్ బే అనే చోట అయిదు ఓర్కాలను వల వేసి పట్టారు. అక్వేరియంలకు అమ్మడానికి. రెండింటిని తరలించారు, మూడు బేలోనే ఉండిపోయాయి. వాటికి రోజూ చేపలు వేశారు, మంచి సాల్మన్ కూడా వేశారు. అవి ముట్టలేదు. వారం కాదు, నెల కాదు, రెండున్నర నెలలు. ఎముకలు బయటపడేలా చిక్కిపోయాయి. 75 రోజులు దాటాక ఒకటి చచ్చిపోయింది. ఆ తర్వాతే మిగిలిన రెండూ చేప నోట పెట్టాయి. కొన్నాళ్ళకు ఎవరో రాత్రివేళ వలకు బరువులు కట్టి ముంచేసి వాటిని వదిలేశారు. బయటపడ్డాక అవి మళ్ళీ తమ పాత తిండికే వెళ్ళాయి.

అవి సీల్స్‌ను, సీ లయన్స్‌ను తినే ఓర్కాలని అప్పట్లో ఎవరికీ తెలియదు. అసలు అలాంటి తేడా ఒకటి ఉందనే తెలియదు. చేప వాటి లెక్కలో తిండే కాదు. ఆ రోజుల్లోనే కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ ప్రతి ఓర్కానూ దాని వీపు రెక్క, ఆ రెక్క వెనక జీనులా ఉండే బూడిద రంగు జీను మచ్చ చూసి విడివిడిగా గుర్తుపట్టవచ్చని చూపించాడు. అలా ఏళ్ళ తరబడి ఫోటోలు పోగుచేసి చూస్తే, ఒకే నీళ్ళలో తిరుగుతున్నవి ఒకే జనం కాదని తేలింది. సీల్స్ తినేవాటిని ఇప్పుడు ఆయన పేరు మీదే బిగ్స్ ఓర్కాలు అంటాం. చేపలు తినేవి రెసిడెంట్స్. మూడో రకం, ఆఫ్‌షోర్ ఓర్కాలు, 1980ల చివరిదాకా మన కంట పడనేలేదు. అవి దూరంగా ఉండి సొరచేపలను తింటాయి. సొరచేప చర్మం గరుకుకు వాటి పళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోతాయి.

ఈ మూడూ ఎదురుపడినా కలవవు. ఒకదానితో ఒకటి జతకట్టి పిల్లల్ని కనవు. మాట కూడా కలవదు. రెసిడెంట్స్ వేటలో గలగలా వాగుతూనే ఉంటాయి, సాల్మన్‌కు ఆ పిలుపులు వినపడవు గనక. బిగ్స్ నోరు మూసుకుని వేటాడతాయి, ఎందుకంటే సీల్‌కు చెవులు బాగా పనిచేస్తాయి. బిగ్స్ మిగతావాటి నుంచి లక్షల ఏళ్ళ కిందటే విడిపోయాయని జన్యువులు చెబుతున్నాయి. 2024లో కొందరు పరిశోధకులు రెసిడెంట్స్‌ను, బిగ్స్‌ను రెండు వేరే జాతులుగా ప్రకటించాలని ప్రతిపాదించారు. జాతుల పేర్ల పట్టికను చూసే కమిటీ అంతదూరం పోలేదు. ప్రస్తుతానికి ఉపజాతులు అంది. నా మటుకు నాకు జాతి అన్నా ఉపజాతి అన్నా పెద్ద పట్టింపు లేదు. ఒకటి పోతే ఇంకొకటి దాని చోటికి రాదు, అది అర్థమైతే చాలు.

ఇప్పుడు పెద్దాయన లెక్కకు వద్దాం. ఆయన చెప్పిన 73 సదరన్ రెసిడెంట్స్, అంటే దక్షిణాది రెసిడెంట్స్, సంఖ్య. జె, కె, ఎల్ అని మూడు పాడ్‌లు (కుటుంబ గుంపులు), 2024 జులై లెక్కలో అన్నీ కలిపి అన్నే. 1995లో 98 ఉండేవి. 1960, 70 దశకాల్లో అక్వేరియంల కోసం పిల్లల్ని పట్టుకుపోయిన దెబ్బ నుంచి కోలుకుంటున్నాయి అనుకునేసరికి తిండి తగ్గింది. వాటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్, అందులోనూ పెద్దవి, కొవ్వు పట్టినవి. నదుల మీద ఆనకట్టలు, పాడైన వాగులు, అతిగా పట్టడం, అన్నీ కలిసి చినూక్‌ను తగ్గించాయి. పైగా ఓడల రొద. ఎకోలొకేషన్‌తో, అంటే శబ్దం చేసి దాని ప్రతిధ్వనిని బట్టి, చేపను వెతుక్కునే జంతువుకు అది కళ్ళలో కారం కొట్టినట్టే. అమెరికా 2005లో వీటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఇరవై ఏళ్ళయింది, సంఖ్య పెరగలేదు.

అదే సముద్రంలో, అదే ఇరవై ఏళ్ళలో, బిగ్స్ పెరిగాయి. 1970ల నుంచి సీల్స్‌ను చంపడం మీద నిషేధం ఉంది. సీల్స్ పెరిగాయి, వాటిని తినేవీ పెరిగాయి. కాబట్టి ఈ రోజుల్లో పడవెక్కితే ఎక్కువగా కనపడేది బిగ్స్. పెద్దాయన ఆ రోజు చూసినవన్నీ బిగ్సే. జనం వాటిని చూసి సంబరపడి, ఓర్కాలు నిక్షేపంగా ఉన్నాయని ఇంటికెళ్ళిపోతారు. సాల్మన్ నదుల గురించి మీటింగులో కూడా అదే మాట అంటారు. నాకు చిర్రెత్తేది అక్కడే. పక్కింటివాళ్ళ పొయ్యి మండుతోందని ఈ ఇంటివాళ్ళ కడుపు నిండుతుందా?

నార్తర్న్ రెసిడెంట్స్, అంటే ఉత్తరాది రెసిడెంట్స్, అయినా వచ్చి కలవవా అని ఇంకొకరు అడుగుతారు. అవీ చేపలు తినేవే, పక్క నీళ్ళలోనే ఉంటాయి, 300 దాటాయి కూడా. కలవవు. 2002లో సియాటిల్ దగ్గర రెండేళ్ళ పిల్ల ఓర్కా ఒకటి ఒంటరిగా తిరుగుతూ కనిపించింది. అది ఎవరి పిల్లో ఎలా తెలిసిందంటే, దాని పిలుపుల యాసను బట్టి. అది ఉత్తరాది యాస. అక్కడికి దగ్గర్లో తిరిగే సదరన్ రెసిడెంట్స్‌లో కలిపేద్దామని ఎవరూ అనుకోలేదు. పడవలో ఎక్కించి జాన్‌స్టన్ జలసంధికి, వాళ్ళవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి వదిలారు. స్ప్రింగర్ అని పేరు. 2013లో అది తల్లయింది. మా పనిలో ఇలాంటి మంచి కబుర్లు బహు తక్కువ, అందుకే అందరం ఇదే పదేపదే చెబుతుంటాం.

గోత్రాల మాట వస్తే మనవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నార్తర్న్ రెసిడెంట్స్‌లో ఎ, జి, ఆర్ అని మూడు వంశాలు. ఒక్కో వంశానికి ఒక్కో పిలుపుల కుటుంబం. సంబంధాలు ఎక్కువగా బయటి వంశంతోనే. సదరన్ రెసిడెంట్స్‌కు ఆ వెసులుబాటు లేదు. మూడు పాడ్‌లదీ ఒకే గోత్రం, ఒకే జె వంశం. దగ్గరి రక్తంలో పుట్టినవి తక్కువ కాలం బతుకుతున్నాయని 2023లో వచ్చిన జన్యు అధ్యయనం చూపించింది. ఇదంతా తెలిశాక ఆ 73ని 50 వేలతో భాగించి చూడబుద్ధి కాదు.

2018లో జె పాడ్‌లోని జె35 అనే తల్లి చనిపోయిన తన పిల్లను 17 రోజులు మోసుకు తిరిగింది. 2025 జనవరిలో ఇంకో పిల్లను కూడా అలాగే మోసింది. ఆ రోజుల్లో నాకు ఎవరెవరో మెసేజ్‌లు పెట్టారు, "ఆ తల్లికి ఎవరైనా ఏమైనా చేయలేరా" అని. వాళ్ళను చూసి నవ్వేవాళ్ళంటే నాకు పడదు. ఆ పిల్లను లాక్కోవడం చేయగలిగిన పని కాదు, చేయాల్సిన పనీ కాదు. దూరంగా ఉండడం మాత్రం చేయొచ్చు. వాషింగ్టన్ నీళ్ళలో 2025 నుంచి సదరన్ రెసిడెంట్స్‌కు 1,000 గజాల దూరంలో ఉండాలని చట్టం. బిగ్స్‌కైతే 200 గజాలు. ఏది ఏదో తెలియకపోతే ఎంత దూరంలో ఆగాలో కూడా తెలియదు. తెలియనప్పుడు 1,000 అనుకోండి, గొడవ ఉండదు.

అపోహ: ఓర్కాలు మనుషుల మీద పగబట్టి పడవలు ముంచుతున్నాయి.

తెరచాప పడవలో జిబ్రాల్టర్ దాటబోతున్న ఒక స్నేహితురాలు అర్ధరాత్రి ఫోన్ చేసింది. పిల్లలు కూడా పడవలో ఉన్నారు. గొంతు వణుకుతోంది. వీడియోలు చూసి చూసి ఆ స్థితికి వచ్చింది. ఆమెకు చెప్పిందే మీకూ.

స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా తీరంలో 50 కూడా లేని చిన్న జనాభా ఒకటుంది. బ్లూఫిన్ ట్యూనా అనే పెద్ద చేపలను తింటాయి. తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా వాటిని జాబితాలో పెట్టారు. 2020 నుంచి వాటిలో కొన్ని పడవల చుక్కానులను నెట్టడం, కొరకడం, విరగ్గొట్టడం మొదలుపెట్టాయి. ఎక్కువగా కుర్రవి. కొన్ని పడవలు మునిగాయి, అది నిజం. కానీ వాటివల్ల మనిషికి గాయమైన దాఖలా లేదు. నీళ్ళలో ఉన్న మనిషి వాటికి అక్కర్లేదు, చుక్కాని కావాలి. పగ అన్నది వార్తలకు పనికొచ్చే కథ. ఒక ఆడ ఓర్కాకు పడవ తగిలి కోపం వచ్చి మిగతావాటికి నేర్పిందని రాసేశారు. దానికి రుజువు లేదు. చాలామంది పరిశోధకులు ఇది ఆటే అంటున్నారు. ఓర్కాల్లో ఇలాంటి వేలంవెర్రి కొత్త కాదు. 1987లో ఇక్కడి కె పాడ్‌లో ఒకటి చచ్చిన సాల్మన్‌ను తల మీద టోపీలా పెట్టుకు తిరిగింది. చూసి మిగతావీ మొదలుపెట్టాయి. కొన్ని వారాలు అదే ఫ్యాషన్, తర్వాత మానేశాయి. చుక్కాని ఆట మాత్రం అంత త్వరగా పోలేదు.

ఎదురైతే పడవ ఆపొద్దని, ఇంజిన్ మీద లోతు తక్కువున్న తీరం వైపు వెళ్ళమని, పడవ అంచుల దగ్గర నిలబడొద్దని స్పెయిన్ అధికారులు చెబుతున్నారు. నా స్నేహితురాలు తీరం వెంబడే వెళ్ళింది. ఓర్కా కాదు గదా, డాల్ఫిన్ కూడా కనిపించలేదని కాస్త నిరాశగా మెసేజ్ పెట్టింది.

అపోహ: అడవి ఓర్కా మనిషిని తినేస్తుంది.

బయట సముద్రంలో ఓర్కా మనిషిని చంపిన నమోదు ఒక్కటీ లేదు. 1972లో కాలిఫోర్నియాలో ఒక సర్ఫర్‌ను కరిచింది, అతను బతికాడు. బందీగా ఉన్నవాటి చేతిలో నలుగురు చనిపోయారు. అందులో మూడు మరణాలు ఒకే ఓర్కా, టిలికమ్, పేరు మీద ఉన్నాయి. ట్రైనర్‌ను ప్రదర్శన మధ్యలో చంపేసిందంటూ 2025లో తెగ తిరిగిన వీడియో పూర్తిగా కృత్రిమం. ఆ మనిషీ లేదు, ఆ సంఘటనా లేదు. దయచేసి నాకు మళ్ళీ ఫార్వర్డ్ చేయకండి.

అపోహ: అంటార్కిటికాలో ఉన్నది ఒకే రకం.

కనీసం అయిదు. ఎ రకం మంచు లేని విశాల సముద్రంలో మింకీ తిమింగలాలను వేటాడుతుంది. పెద్ద బి రకం మంచు పలకల మీది సీల్స్‌ను, వరసగా ఈది అల లేపి నీళ్ళలోకి దొర్లిస్తుంది. చిన్న బి రకం పెంగ్విన్ల జోలికి పోతుంది. సి రకం రాస్ సముద్రపు పొట్టి ఓర్కా, చేపలే తింటుంది. డి రకం వేరే లోకం. గుండ్రటి నుదురు, కంటి పక్క మచ్చ ఉందా లేదా అన్నంత చిన్నది. 1955లో న్యూజిలాండ్ ఒడ్డుకు 17 కొట్టుకొచ్చినప్పుడు తీసిన ఫోటోలే చాలాకాలం ఆధారం. 2019లో గానీ శాస్త్రవేత్తలు చిలీ దక్షిణాన వాటిని దగ్గరగా చూసి నమూనాలు తీయలేకపోయారు. ఆ ఫోటోలు మా ఆఫీసులో మొదటిసారి తెరిచినప్పుడు ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఓర్కా బొమ్మను జ్ఞాపకం మీద గీసినట్టు ఉంటుంది ఆ ముఖం.

మిగతావి, గబగబా.

ఓర్కా డాల్ఫిన్ల కుటుంబంలోదే, అన్నిటికన్నా పెద్దది. రెక్క వాలిపోవడం జబ్బు గుర్తు అని గట్టిగా చెప్పలేం. కానీ బందీగా ఉన్న పెద్ద మగవాటికి దాదాపు అన్నింటికీ వాలుతుంది, బయట అరుదు. జె పాడ్ ముసలమ్మ జె2కు (గ్రానీ అనేవారు) 105 ఏళ్ళన్నది పాత అంచనా, తర్వాత లెక్కలు అంతకన్నా బాగా తక్కువ చెప్పాయి. ఓర్కాలు తిమింగలాలను చంపవన్నది కూడా తప్పే. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో నీలి తిమింగలాన్నే గుంపుగా చంపడం 2019లో కళ్ళారా చూసి రాశారు. ఇక దక్షిణాఫ్రికాలో రెండు మగ ఓర్కాలు తెల్ల సొరచేపల కాలేయం తీసి తింటున్నాయని విని "మన దగ్గరివీ మొదలుపెడతాయా" అని అడుగుతున్నారు. వేట పద్ధతి తల్లి దగ్గరో తోటివాటి దగ్గరో నేర్చుకునేది. అక్కడ ఒకటి నేర్చుకుంటే ఇక్కడ ఇంకోదానికి రాదు.

మీరు చూసింది ఏ రకమో కావాలంటే ఫోటో తీయండి. ఎడమ పక్క నుంచి, రెక్క, దాని వెనకున్న జీను మచ్చ రెండూ పడేలా. కొస గుండ్రంగా ఉండి, మచ్చలో నల్లటి వంపులు కనపడితే రెసిడెంట్ కావచ్చు. కొస కోసుగా ఉండి, మచ్చ నిండుగా ముందుదాకా పాకితే బిగ్స్. పెద్దాయన కూడా తన ఫోన్‌లోవి పంపారు. అన్నీ కుడి పక్కవే. అయినా ఒకదాన్ని గుర్తుపట్టాను, నాలుగేళ్ళ కిందట పిల్లగా నేనే నమోదు చేసిన బిగ్స్.