పులుసు బిడ్డకు, ముక్క పెద్దలకు: ఈ అలవాటు ఎక్కడిది?

ఆదివారం మధ్యాహ్నం చిత్తూరు, తిరుపతి పక్క మాంసం తినే ఇళ్లలో సంగటి, నాటుకోడి పులుసు మామూలే. ఒళ్లో ఎనిమిది నెలల బిడ్డ ఉంటే సంగటిలోంచి గోలీ అంత తీసి, పులుసు తేటలో మెత్తగా పిసికి నాలుక మీద పెడతారు. ముక్క మాత్రం బిడ్డ దాకా రాదు. ‘‘ఇంకా పండ్లన్నా రాలేదు, ముక్క ఎట్ల నములుతాడు? సారమంతా పులుసులోనే ఉంటుందిలే’’ అంటుంది అవ్వ. ప్రేమ కొద్దీ అనే మాటే అది. కానీ సారం ముక్కలోనే ఉంటుంది. ఎంత ఉడికించినా మాంసంలోని ఇనుము, జింకు, మాంసకృత్తులు చాలావరకు కండను వదలవు. పులుసులోకి దిగేది రుచి, కొవ్వు, ఎముకల జిగురు, మనం వేసిన ఉప్పూ కారమూ. కాళ్ల సూపు సంగతీ అంతే.

దీన్ని చిన్న విషయంగా కొట్టేయడానికి లేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ సుమారు ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లిపాలు ఎంత మంచివైనా వాటిలో ఇనుము తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తహీనతకు కారణాలు వేరేవీ ఉన్నాయి. అయినా వంటింట్లో మన చేతిలో ఉన్న కారణం తిండే.

మన పసిపిల్లల తిండికి మూలం ఉగ్గు. పాత ఇళ్లలో ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె తప్పకుండా ఉండేది. ఈ ప్రాంతంలో రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరి, పలచని గుడ్డలో జల్లించేవారు. ఇందులో గట్టి తెలివి ఉంది. మొలకెత్తిన గింజలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి జావ చిక్కబడదు, అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి. తరవాత అన్నప్రాశన, ఆపైన గోరుముద్దలు. గోరుముద్ద చేతి తిండే. కాకపోతే ఆ చేయి తల్లిది, బిడ్డది కాదు. పైగా సంగటిని మన పెద్దలే నమలరు, పులుసులో ముంచి మింగుతారు. మింగే తిండితో మొదలైన బిడ్డకు నమలడం ఎక్కడ అలవాటు కావాలి?

ఒక్క పాత అలవాటును మాత్రం పూర్తిగా మానేయాలి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం. పసిపిల్లల్లో బొట్యులిజం అనే జబ్బును 1976లో గుర్తించారు. దాని బీజాలు తేనెలో ఉండొచ్చు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, వండిన దాంట్లో కూడా వద్దు.

ఉగ్గు తరవాత డబ్బా వచ్చింది. అమెరికాలో 1928లో గెర్బర్ వాళ్లు వడకట్టిన కూరగాయల గుజ్జును డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టారు. చిత్రమేమంటే, అదే ఏడాది క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు దానికి పూర్తిగా ఎదురైన ప్రయోగం గురించి రాశారు. పాలు మాన్పించిన పసివాళ్ల ముందు మాంసం, కాలేయం, ఎముక మూలుగ, కూరగాయలు, పండ్లు, గింజలు విడివిడిగా ఉంచి, వాళ్లనే ఎంచుకోనిచ్చారు. పిల్లలు చేత్తో తీసుకుని తిన్నారు, బాగానే పెరిగారు. లోకం డబ్బాను పట్టుకుంది, ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టింది.

పాలపొడి, శిశు ఆహారం అమ్మకాల మీద 1970ల్లో పెద్ద గొడవే జరిగింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది. మన దేశంలో 1992లో చట్టం చేశారు, 2003లో సవరించి రెండేళ్ల లోపు పిల్లల ఆహారాల ప్రచారాన్ని కట్టడి చేశారు. ప్రకటనలు ఆగాయి గానీ, ‘బిడ్డ తిండి అంటే కలిపి పెట్టే పొడి’ అన్న అభిప్రాయం ఇళ్లలో ఉండిపోయింది. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్వాడీ పథకంలోనూ పొడికే పెద్దపీట. జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో 40 గ్రాముల గోధుమ, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లం ఉంటాయి. లక్షల మందికి పంచాలంటే చెడిపోని పొడే వీలు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అది బిడ్డ తిండిలో ఒక భాగం కావాలి గానీ, అదే మొత్తం కాకూడదు. ఈలోగా ఇంట్లోకి మిక్సీ వచ్చింది. చేత్తో పిసికినప్పుడు మిగిలే చిన్నచిన్న పలుకులు కూడా పోయి, అన్నం కూర కలిసి నున్నటి గుజ్జయింది.

వయసు లెక్క కూడా మారింది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పైతిండి మొదలుపెట్టొచ్చని మునుపు చెప్పేవారు. నాలుగు నెలల బిడ్డకు గుజ్జు తప్ప వేరే దారి లేదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే అని తేల్చింది. ఆరు నెలల బిడ్డ ఆసరాతో కూర్చుంటుంది, మెడ నిలబెడుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. తిండి మొదలయ్యే వయసు ఆరు నెలలకు పెరిగినా, తిండి రూపం మాత్రం నాలుగు నెలల బిడ్డకు తగినట్టే ఉండిపోయింది. అసలు పొరపాటు ఇక్కడుంది. బ్రిటన్‌లో గిల్ రాప్లీ వంటివారు బిడ్డ చేతికే ముక్క ఇవ్వాలని చెప్పడం మొదలుపెట్టింది ఈ మార్పు తరవాతే. మాంసం గానీ చేప గానీ గుడ్డు గానీ రోజూ ఉండాలన్నది 2023 ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల మాట. ఇంగ్లండులో 2001లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, పది నెలలు దాటాక గానీ పలుకులున్న తిండి చూడని పిల్లలు తరవాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారు.

ఉగ్గు మానేయమని కాదు. పొద్దున రాగి జావ చెంచాతో, మధ్యాహ్నం ముక్క చేతికి, రెండూ నడుస్తాయి. చేతికిచ్చే ముక్కకు కొలత ఉంది. ఆరు నుంచి తొమ్మిది నెలల బిడ్డ పిడికిలితో పట్టుకుంటుంది గానీ పిడికిట్లో ఉన్నది తినలేదు. అందుకే పెద్దల వేలంత పొడవు, 5-6 సెంటీమీటర్లు ఉండాలి. సగం పిడికిట్లో, సగం బయట. తొమ్మిది నెలల తరవాత బొటనవేలు, చూపుడువేలుతో ఏరుకోవడం వచ్చాక శనగగింజంత ముక్కలు చాలు. మెత్తదనానికి పరీక్ష ఒకటే. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి, నాలుకతో అంగిలికి అదిమితే చిదిమిపోవాలి. పండ్లు లేని చిగుళ్లు ఆ పని బాగానే చేస్తాయి.

ఇక కైమా కడ్డీలు. మటన్ తొడ లేదా భుజం కండ 200 గ్రాములు తీసుకుని రెండుసార్లు కైమా కొట్టించండి. ఇంటికి తెచ్చాక పళ్లెంలో పలచగా పరిచి వేళ్లతో తడమాలి. ఎముక పలుకులు తగిలేది ఇక్కడే, ఈ పని తప్పించుకోవద్దు. గెనుసుగడ్డ (చిలగడదుంప) 80 గ్రాములు తొక్కతోనే ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి మెదపండి. నీళ్లలో ఉడికిస్తే నీరు పీల్చుకుని కడ్డీ జారిపోతుంది. వేయించిన రాగిపిండి రెండు చెంచాలు, ఈనెలు తీసి సన్నగా తరిగిన మునగాకు ఒక చెంచా, చిటికెడు జీలకర్ర పొడి, చిటికెడు పసుపు. ఏడాది లోపు ఉప్పు వద్దు. కారం కూడా వద్దు, బిడ్డ అదే చేత్తో కళ్లు నలుపుకుంటుంది.

పెద్దల కబాబు పద్ధతిలో ఉప్పు మాత్రం తీసేసి చేస్తే విరిగిపోతుంది, చాలామంది విసిగిపోయేది అక్కడే. ఉప్పు తగిలితే మాంసంలోని మయోసిన్ అనే మాంసకృత్తు కరిగి జిగురవుతుంది, కబాబును పట్టి ఉంచేది ఆ జిగురే. ఉప్పు లేనప్పుడు ఆ పని గెనుసుగడ్డ, రాగిపిండి చేయాలి. అవే తడినీ పట్టి ఉంచుతాయి కాబట్టి మాంసం ఎండి గట్టిపడదు. కలిపాక పది నిమిషాలు పక్కన పెడితే పిండి తడి పీల్చుకుంటుంది. తరవాత చేతులు తడి చేసుకుని, వేలు మందాన కడ్డీలు చుట్టండి. ఈ కొలతకు 14 దాకా వస్తాయి. ఇడ్లీ పాత్రలో 15 నిమిషాలు ఆవిరి పట్టాక ఒకటి విరిచి చూడాలి. లోపల ఎక్కడా గులాబీ రంగు కనబడకూడదు. చివర పెనం మీద చెంచా చెనక్కాయల (వేరుశనగ) నూనెతో ఒక నిమిషం దొర్లిస్తే పైన పలచని పొర కట్టి, పిడికిట్లో చిదిమిపోకుండా నిలుస్తుంది. నేరుగా నూనెలో వేయిస్తే పైన పెంకు కడుతుంది, బిడ్డ చిగుళ్లకు అది రాయి. ఏడు నెలల బిడ్డకు ఒకటి, రెండు చాలు. సగం కింద పడేసినా బాధపడొద్దు.

నాటుకోడి రుచి ఎవరు కాదంటారు, కానీ ముదిరిన కోడి కండ దారాలు దారాలుగా వస్తుంది. ఆ పీచు గొంతులో చుట్టుకుని ఓకరింపు తెస్తుంది. బిడ్డకైతే లేత కోడి లేదా బ్రాయిలర్ కాలి కండే మేలు. రొమ్ము కండ కంటే మెత్తన, ఇనుమూ ఎక్కువ. చర్మం, మృదులాస్థి తీసేయాలి, పీచుకు అడ్డంగా కోయాలి. కాలేయంలో ఇనుము దండిగా ఉంటుంది, విటమిన్ ‘ఎ’ కూడా మితిమీరి ఉంటుంది. కాబట్టి వారానికి ఒక్కసారి, చిన్న ముక్క.

కూరగాయల్లో క్యారెట్టు, గుమ్మడి, బీన్స్ ఆవిరి మీద 10-12 నిమిషాలు. బీన్స్‌కు రెండు పక్కలా నార తీయాలి. మునక్కాయ గుజ్జు గీకి ఇవ్వాలి, తొక్క ఇవ్వొద్దు. బీరకాయ, సొరకాయ చేతిలోంచి జారిపోతాయి. ముక్కను వేయించిన పప్పుల పొడిలో ఒకసారి దొర్లిస్తే పట్టు దొరుకుతుంది. సంగటి కడ్డీలు కూడా చేయొచ్చు. చల్లారాక గట్టిపడుతుంది కాబట్టి తడి చేత్తో సులభంగా చుట్టవచ్చు. అయితే సంగటి అంగిలికి అతుక్కుంటుంది, సన్నగా చేసి పక్కన పప్పు తేట పెట్టాలి.

చెనక్కాయల కథ వేరు. ఎలర్జీ భయం ఉన్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పింది, 2008లో వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో 640 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన ఆ మాటను తలకిందులు చేసింది. పదకొండు నెలల లోపే మొదలుపెట్టి క్రమం తప్పకుండా పెట్టినవాళ్లలో వేరుశనగ ఎలర్జీ 80 శాతం దాకా తగ్గింది. చెనక్కాయలు పండే మన జిల్లాలో ఇది తేలికైన పని. వేయించి, పొట్టు తీసి, నున్నగా నూరి, అర చెంచా ముద్దను గోరువెచ్చని నీళ్లతో పలచన చేసి గెనుసుగడ్డ ముక్కకు పూయాలి. మొదటిసారి పగటిపూట పెట్టండి. ఒంటి మీద ఎగ్జిమా (ఎర్రబడి దురద పెట్టే చర్మం జబ్బు) గట్టిగా ఉన్న బిడ్డకు, గుడ్డు పడని బిడ్డకు ముందు డాక్టరును అడగండి. గింజగా మాత్రం ఐదేళ్ల లోపు ఇవ్వకూడదు. పచ్చి క్యారెట్టు, నిండు ద్రాక్ష, మురుకు, కొబ్బరి ముక్కకూ ఇదే జాగ్రత్త.

అవ్వ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఓకరింపు వేరు, గొంతుకు అడ్డం పడటం వేరు. ఓకరింపులో బిడ్డ ముఖం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, శబ్దం వస్తుంది. పసిబిడ్డకు ఓకరింపు నాలుక ముందు భాగంలోనే పుడుతుంది, అది కాపలా. అప్పుడు నోట్లో వేలు పెడితే ముక్క లోపలికి పోతుంది. అడ్డం పడినప్పుడు శబ్దమే ఉండదు, ముఖం నీలంగా మారుతుంది. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వేయాలి. రాకపోతే తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. ముక్క వచ్చేదాకా మార్చి మార్చి చేస్తుండాలి, పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి. న్యూజిలాండ్‌లో 200 మందికి పైగా పిల్లలను రెండు జట్లు చేసి చూశారు. ముక్క ఎలా ఉండాలో తల్లిదండ్రులకు నేర్పినప్పుడు, చేత్తో తిన్నవాళ్లకు చెంచాతో తిన్నవాళ్ల కంటే ఎక్కువ సార్లు అడ్డం పడలేదు. బిడ్డ నిటారుగా కూర్చుని తినాలి, పక్కన పెద్దవాళ్లుండాలి. నడుస్తూ, పడుకుని, ఊయల్లో వద్దు.

చేసిన కడ్డీలు ఎండాకాలం గంటకు మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో రెండు రోజులు, కరెంటు నిలకడగా ఉంటే ఫ్రీజర్‌లో నెల. ఒక్కసారే వేడి చేయాలి, పొగలు వచ్చేదాకా.

పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) చాలా ఇళ్లలో పొయ్యి మీదికి మాంసం రాదు, కొందరికి ఏడాది పొడవునా రాదు. అలాంటప్పుడు అలసందలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, పొట్టు తీసి, కైమా స్థానంలో వేయండి. చలికాలమైతే పితికిన అనపగింజలు ఇంకా మేలు, పొట్టు ఎటూ పోయి ఉంటుంది. గింజల్లోని ఇనుము మాంసంలోదంత తేలిగ్గా ఒంటికి పట్టదు కాబట్టి ఉడికించిన టమాటా గుజ్జు గానీ నాలుగు చుక్కల నిమ్మరసం గానీ తోడు కావాలి. ఆ పూట టీలో ముంచిన బన్ను ఇవ్వొద్దు, టీ ఆ కాస్త ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు.