ఒకే పేరుతో మూడు ఫంక్షన్లు: లింకర్‌కి కనిపించే పేరు వేరు

బీటెక్ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి ఈమధ్య అడిగింది: "సీ ప్లస్ ప్లస్ ల్యాబ్‌లో యాడ్ అనే పేరుతోనే మూడు ఫంక్షన్లు రాయమన్నారు సార్. పేరు ఒకటే అయితే కంప్యూటర్ కన్‌ఫ్యూజ్ అవ్వదా? ఆర్గ్యుమెంట్లు అవే ఉంచి రిటర్న్ టైప్ మాత్రం మారిస్తే ఎర్రర్ ఎందుకొస్తోంది?"

ఎంత మంచి ప్రశ్నలో! ఆర్గ్యుమెంట్లంటే ఫంక్షన్‌కి మనం ఇచ్చే విలువలు, రిటర్న్ టైప్ అంటే అది తిరిగిచ్చే విలువ ఏ రకమో చెప్పేది. ఒకే పేరుతో, వేర్వేరు ఆర్గ్యుమెంట్లతో ఫంక్షన్లు రాయడాన్నే ఓవర్‌లోడింగ్ అంటారు. మన పరీక్షల్లో "ఓవర్‌లోడింగ్‌కూ ఓవర్‌రైడింగ్‌కూ ఐదు తేడాలు రాయుము" అని అడుగుతారు. పిల్లలు ఆ ఐదూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూపించరు. నాకు బాధ కలిగించేది అదే.

ఊళ్లో ముగ్గురు సుబ్బారావులు ఉన్నారనుకోండి. కవరు మీద ఉత్త "సుబ్బారావు గారికి" అని ఉంది. పోస్టాఫీసులో కూర్చున్నాయన ఉత్తరంలోని విషయం చూసి, ఇది ఎవరికో తేల్చి, పేరు ముందు ఇంటిపేరు రాసి పెడతాడు. సైకిల్ మీద వెళ్లే పోస్ట్‌మన్ ఆ పూర్తి పేరు చూసి ఇల్లు వెతుక్కుంటాడు, అంతే. ఆ కూర్చున్నాయన కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్. సైకిల్ మీద వెళ్లేవాడు లింకర్, అంటే విడివిడిగా కంపైలైన ముక్కల్ని కలిపే ప్రోగ్రామ్. టైపులంటే ఏమిటో లింకర్‌కి తెలీదు, దానికి తెలిసింది పేర్లే. కాబట్టి ఒకే పేరుతో ఇద్దరు ఉండటం దాని దగ్గర కుదరదు. మనం ఒకే పేరు రాసినా, కంపైలర్ లోపల వేర్వేరు పేర్లు పెట్టేస్తుంది. దీన్నే నేమ్ మ్యాంగ్లింగ్ అంటారు.

లినక్స్ మీద జీసీసీ కంపైలర్ పెట్టే పేర్లు చూడండి. రెండు ఇంట్‌లు (పూర్ణాంకాలు) తీసుకునే యాడ్‌కి ముందు ఒక అండర్‌స్కోర్, ఒక జెడ్, తర్వాత 3, తర్వాత యాడ్, చివర ఐ, ఐ. 3 అంటే ఇంగ్లిష్‌లో ఆ పేరుకున్న అక్షరాల లెక్క. ఒక్కో ఐ ఒక్కో ఇంట్‌కి గుర్తు. రెండు డబుల్‌లు (దశాంశ సంఖ్యలు) తీసుకునే యాడ్‌కైతే చివర డి, డి.

ఆ 3 ఎందుకు? నాకు చాలా ఇష్టమైన వివరం ఇది. యాడ్ స్పెల్లింగ్ చివర ఐ చేర్చి, ఒకే ఇంట్ తీసుకునే "యాడి" అనే ఇంకో ఫంక్షన్ రాశారనుకోండి. పేరులోని ఐ ఒకటి, ఇంట్ తాలూకు ఐ ఒకటి. అంకె తీసేస్తే ఈ పేరూ, రెండు ఇంట్‌ల యాడ్ పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. యాడ్‌కి 3, యాడికి 4 అని ముందే రాసి ఉండటం వల్లే అవి వేరవుతున్నాయి.

ఇక పిలిచినప్పుడు ఏ ఫంక్షన్ నడవాలో ఎంచుకోవడం. కంపైలర్ ఒక్కో ఆర్గ్యుమెంట్‌కీ ర్యాంకు ఇస్తుంది: టైప్ సరిగ్గా సరిపోతే మొదటి ర్యాంకు, క్యార్ (ఒక అక్షరం) ఇంట్‌గా మారడంలాంటి ప్రమోషన్ అయితే రెండోది, ఇంట్ డబుల్‌గా మారడంలాంటి కన్వర్షన్ అయితే మూడోది. గెలిచే ఫంక్షన్ ఏ ఆర్గ్యుమెంట్‌లోనూ మిగతావాటికంటే వెనకబడకూడదు, కనీసం ఒకదాంట్లో ముందుండాలి. ఇంట్‌ల యాడ్, డబుల్‌ల యాడ్ రెండూ ఉన్నప్పుడు క్యాపిటల్ 'ఎ' అనే క్యార్, 1 ఇస్తే ఇంట్‌లది గెలిచి 66 వస్తుంది, ఎందుకంటే అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో క్యాపిటల్ 'ఎ' విలువ 65. అదే 1, 2.5 ఇస్తే? మొదటిదాంట్లో ఇంట్‌లది ముందు, రెండోదాంట్లో డబుల్‌లది ముందు. ఎవరూ గెలవరు, "యాంబిగ్యుయస్" అని ఎర్రర్ వస్తుంది. ఇదే జావాలో అయితే డబుల్‌లది నడుస్తుంది. డబుల్‌ని తనంతట తాను ఇంట్‌గా కుదించడానికి జావా ఒప్పుకోదు కాబట్టి ఇంట్‌లది పోటీలోకే రాదు.

ఈ ఎర్రర్ రాగానే కనిపించిన చోటల్లా ఒక టైప్ కాస్ట్ (విలువ టైప్‌ని మనమే మార్చడం) తగిలించి, పోయిందా లేదా అని చూసే అలవాటు చాలామందికి ఉంది. అది మూఢనమ్మకమే. ర్యాంకులు కాగితం మీద వేసుకోండి, ఏది ఎందుకు ఓడిందో రెండు నిమిషాల్లో తేలుతుంది.

రిటర్న్ టైప్ సంగతికొస్తే, అది ఉత్తరం అందుకున్నాయన రాయబోయే జవాబు. జవాబు ఎలా ఉంటుందో చూసి ఉత్తరం ఎవరికివ్వాలో తేల్చడం పోస్టాఫీసాయన వల్ల కాదు. పైగా ఫంక్షన్‌ని పిలిచి, వచ్చిన విలువ వాడకుండా వదిలేసే లైన్లు బోలెడు. అక్కడ ఆధారమే ఉండదు. అందుకే ఎంపికలో రిటర్న్ టైప్‌ని చూడకూడదని సీ ప్లస్ ప్లస్‌లో నిర్ణయించారు. మామూలు ఫంక్షన్లకి జీసీసీ పెట్టే మ్యాంగిల్డ్ పేర్లలోనూ అది ఉండదు. అలాగని ఇది అసాధ్యమేమీ కాదు, అడా భాష రిటర్న్ టైప్‌నీ చూస్తుంది.

బెల్ ల్యాబ్స్‌లో సీ ప్లస్ ప్లస్‌ను తయారుచేసిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ మొదట్లో ఓవర్‌లోడ్ అనే కీవర్డ్ ముందుగా రాయాలన్న షరతు పెట్టారు. 1989లో వచ్చిన 2.0 రిలీజ్‌తో ఆ షరతు పోయింది. పేర్లలో టైపులు చేరడం వల్ల ఇంకో లాభం కూడా దక్కింది. ఒక ఫైల్లో డబుల్ తీసుకునే ఫంక్షన్ రాసి, ఇంకో ఫైల్లో పొరపాటున దాన్ని ఇంట్ తీసుకునేదిగా ప్రకటిస్తే సీ లింకర్ మారుమాట లేకుండా కలిపేసేది, చెత్త జవాబులు వచ్చేవి. ఇప్పుడు పేర్లు కలవవు కాబట్టి లింక్ దగ్గరే ఆగిపోతుంది.

ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ పద్ధతిలో ఓవర్‌లోడింగ్ అవసరం అన్నిటికంటే బాగా తెలిసేది కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ని తయారుచేసే ఫంక్షన్) దగ్గర. దానికి క్లాస్ పేరే ఉండాలి, వేరే పేరు పెట్టే వీల్లేదు. తేదీ అనే క్లాస్‌లో ఆబ్జెక్ట్‌ని మూడు అంకెలతోనూ, ఒక స్ట్రింగ్‌తోనూ, ఏమీ ఇవ్వకుండానూ తయారుచేయాలంటే ఓవర్‌లోడింగ్ తప్ప దారి లేదు.

ల్యాబ్‌లో లినక్స్ ఉంటే మీ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి, వచ్చిన ఆబ్జెక్ట్ ఫైల్ మీద అందులోని పేర్లు చూపించే ఎన్ఎమ్ అనే కమాండ్ నడపండి. మీ మూడు యాడ్‌లూ మూడు వేరే పేర్లతో కనిపిస్తాయి.