ఒకరి జ్ఞాపకార్థం వేసిన బెంచీ పక్కన చెట్టు ఎండిపోతే: అపోహలు, వాస్తవాలు

అపోహ: చచ్చిన చెట్టు తీసేసి అదే గుంతలో కొత్తది పెట్టేస్తే సరి.

వాస్తవం: ముందు అది నిజంగా చచ్చిందో లేదో చూడండి. నాలుగైదు చిన్న కొమ్మల మీద బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా, తడిగా ఉందా? అయితే ఇంకా బతికే ఉంది. చచ్చిందని తేలితే ఆలస్యం చేయకుండా కొట్టించేయండి, కింద మనుషులు కూర్చుంటారు కాబట్టి. కానీ ఎందుకు చచ్చిందో తేలకుండా కొత్త మొక్క మాత్రం కొనకండి. అందరూ పురుగు, తెగులు అంటారు గానీ, వీధి చెట్టు విషయంలో నేను ముందు అనుమానించేది నేలనే. బెంచీ ముందు రోజూ తొక్కీ తొక్కీ మట్టి బిగుసుకుపోతుంది, లోపల గాలి ఆడదు, పోసిన నీళ్లు ఇంకకుండా పక్కకు జారిపోతాయి. తడి నేలలో పొడవాటి స్క్రూడ్రైవర్ చేత్తో గుచ్చి చూడండి, అదే దిగకపోతే లేత వేరేం దిగుతుంది? ఇంకో సంగతి, చెప్తే చాలామందికి నచ్చదు: నీళ్లు, పోషకాలు పీల్చే వేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, బెంచీ పునాదికి తవ్వినప్పుడే అవి తెగి ఉండొచ్చు, చెట్టు ఎండటం బయటికి కనబడేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి.

అపోహ: పాత చెట్టు జాతే నాటాలి, అదే గౌరవం.

వాస్తవం: పాత చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి మొలిచి ఉంటే వేరుకుళ్లు అనుమానించాలి. ఆ శిలీంధ్రం మిగిలిన వేర్లలో ఏళ్ల తరబడి బతుకుతుంది. అదే జాతి పెడితే దానికి మళ్లీ మేత పెట్టినట్టే. దాన్ని తట్టుకునే జాతి చూసుకోండి, వీలైతే గుంత కూడా మీటరు పక్కకు జరపండి. కొట్టేసిన చెట్టు మోడును యంత్రంతో పిండి చేస్తే మిగిలే పొట్టులో నాటితే మొక్కకు నత్రజని సరిగా అందదు, అది కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది కూడా.

అపోహ: పెద్ద చెట్టు తెస్తే వెంటనే నీడ.

వాస్తవం: పెద్ద చెట్టును నేలలోంచి పెకలిస్తే వేర్లలో ఎక్కువ భాగం అక్కడే తెగి ఉండిపోతాయి. అది తేరుకునేలోపు చిన్న మొక్క దాన్ని అందుకుంటుంది. బెంచీ వేయించిన కుటుంబం వాళ్లకు ఈ మాట ముందే చెప్పండి, తర్వాత టెన్షన్ ఉండదు.

అపోహ: లోతుగా నాటితే గట్టిగా నిలబడుతుంది, గుంత నిండా ఎరువు వేస్తే ఏపుగా పెరుగుతుంది.

వాస్తవం: రెండూ తప్పే, మొదటిది మరీ ప్రమాదం. కాండం వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు నేలపైకి కనబడాలి, అది మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది. గుంత లోతు వేరుముద్ద (వేర్లు పట్టుకున్న మట్టిగడ్డ) ఎత్తుకు మించొద్దు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. గుండ్రంగా చుట్టుకున్న వేర్లను కత్తిరించేయండి, లేకపోతే పెద్దయ్యాక అవే మొదలును నొక్కేస్తాయి. తవ్విన మట్టే తిరిగి నింపండి. ఎరువు మట్టితో నింపిన గుంత కుండీలా తయారవుతుంది, వేర్లు అందులోనే తిరుగుతుంటాయి తప్ప బయటికి పోవు.

ఊతకర్ర ఏడాదిలోగా తీసేయండి, గాలికి ఊగితేనే కాండం బలపడుతుంది. పేరు పలక బెంచీకే బిగించండి, చెట్టుకు మేకులు వద్దు.

ఇక నీళ్లు. "కాలనీ అంతా చూసుకుంటుంది" అంటే ఎవరూ చూడరన్నమాట, అందుకే ఇద్దరి పేర్లు రాసుకున్నాకే గుంత తవ్వండి. మొదటి నెలల్లో వేర్లన్నీ ఆ ముద్దలోనే ఉంటాయి, చుట్టూ నేల తడిగా ఉన్నా లోపల ఎండిపోతుంది, కాబట్టి మొదలు దగ్గరే నిదానంగా పోసి, వేర్లు పాకేకొద్దీ పాదును వెడల్పు చేసుకుంటూ పోవాలి.