అత్తరు సాయిబు పెట్టె

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మల్లేశ్వరంలో గాలివానకు కరెంటు పోయి పావుగంటకు వచ్చింది కదా. ఫ్యాను వెంటనే తిరిగింది. సెట్‌టాప్ బాక్సు మాత్రం ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ కూర్చుంది. "దానికీ నిద్రమత్తు ఉంటుందా తాతయ్యా?" అని మీలో చిన్నది అడిగింది. మత్తు కాదమ్మా, మరుపు.

మదనపల్లె దగ్గర మా ఊళ్లో శుక్రవారం సంత. మా నాన్నగారు గాజులు, పూసలు, దువ్వెనలు అమ్మేవారు. తెల్లవారకముందే ట్రంకుపెట్టెలు దించి, పట్టా పరిచి, గాజులు రంగూ సైజూ చూసి పేర్చేసరికి గంట పట్టేది. ఎర్రగాజుల్లో పచ్చగాజు కలిపినందుకు నేను తిన్న మొట్టికాయలకు లెక్కలేదు. ఈలోపు మొదటి బేరాలు పోయేవి. పక్కనే అత్తరు సాయిబు చేతిపెట్టె కింద పెట్టి మూత ఎత్తేవాడు. అంతే, దుకాణం తెరిచినట్టే! మఖమలు గుంటల్లో ఇరవై బుడ్లు, నిన్న ఎక్కడున్నవి అక్కడే.

మీ బాక్సు మా నాన్నగారి లాంటిది. ఫ్లాష్ అనే చిప్పు దాని ట్రంకుపెట్టె. కరెంటు పోయినా అందులోది చెరగదు. బేరం, అంటే బాక్సు చేసే పని, జరిగేది మాత్రం డీర్యామ్ అనే ఇంకో చిప్పు మీద; అదే దాని పట్టా. అక్కడ ప్రతి అక్షరమూ పిసరంత విద్యుత్తే, అదీ కారిపోతూ ఉంటుంది. సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు, అంటే మీరు రెప్ప వేసి తెరిచేలోపే, మళ్లీ నింపుకోవాలి. కరెంటు పోయిందా, పట్టా ఖాళీ. మళ్లీ మొదటి గాజు నుంచి పేర్చాలి.

సాయిబు దారిలో నడిచే యంత్రాలూ ఉన్నాయి. నార్ ఫ్లాష్ అనే ఇంకో రకం ఫ్లాష్ చిప్పు ఉంటే సరుకు దించకుండా పెట్టెలోంచే అమ్మవచ్చు. కొందరు ఇంజనీర్లు పేర్చిన పట్టాను ఉన్నదున్నట్టు ఫ్లాష్‌లో దాచి, లేవగానే ఒక్కసారిగా పరుస్తారు. కానీ ఈలోపు ఎవరో పెన్‌డ్రైవ్ పీకేసి ఉంటే? పట్టా నిన్నటిది, సంత ఇవాళ్టిది! ఎమ్‌ర్యామ్ అని ఇంకోటి ఉంది, అసలు మరిచిపోనే మరిచిపోదు; అయస్కాంతం ఎటు తిరిగి ఉందన్నదే దాని జ్ఞాపకం. మరి అన్నిటిలోనూ అదే పెట్టరేం అంటారా? ఖరీదు ఎక్కువ, పట్టేది తక్కువ. సాయిబుకు ఇరవై బుడ్లు చాలు. మా నాన్నగారి గాజులు ఆ పెట్టెలో పడతాయా? చిన్నప్పుడు ఈ సంగతి తెలియక ఆయన మీద ఊరికే విసుక్కున్నాను. మీరు మీ నాన్న మీద విసుక్కునే ముందు కాస్త ఆగండి.

1960లనాటి కంప్యూటర్లలో అక్షరాలను దాచింది కూడా అయస్కాంతమే. ఆవగింజల్లాంటి నల్లని ఉంగరాలను సన్నని తీగలకు పూసల్లా గుచ్చేవారు. కరెంటు పోయినా వాటికి అంతా గుర్తుండేది. ఇన్నేళ్లు తిరిగి తిరిగి మళ్లీ అయస్కాంతం దగ్గరికే వచ్చారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈసారి కరెంటు వచ్చినప్పుడు బాక్సులో బొమ్మ పడేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టారో నాకు రాయండి. వాషింగ్ మెషిన్ సగంలో ఆగి ఉంటే, మళ్లీ మొదటినుంచి నీళ్లు పట్టుకుంటుందో, ఆగినచోటు గుర్తుంచుకుని అక్కడినుంచే తిరుగుతుందో కూడా చూడండి. పరీక్ష కోసమని మీరే స్విచ్ తీశారో, మీ అమ్మ ఫోను వచ్చేది నాకే.

మీ
తాతయ్య